స్నానాల గదిలో ఊతకడ్డీలు: పాత గోడకు, సన్నని అడ్డుగోడకు ఎలా బిగించాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మకు 78 ఏళ్లు. పోయిన నెలలో ఒక ఉదయం స్నానం ముగించి పీట మీద నుంచి లేస్తూ, ఎప్పటిలాగే ఎదురుగా ఉన్న కుళాయిని ఊతంగా పట్టుకుంది. కుళాయి గోడలోంచి ఊడి చేతికి వచ్చింది. ఆమె పక్కకు ఒరిగి కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరగలేదు గాని, మూడు వారాలు చేతికి కట్టు ఉంది. ఆ సమయంలో నేను తలుపు అవతలే కూర్చుని ఉన్నాను. అన్నేళ్లుగా ఆమె ఆ కుళాయిని పట్టుకునే లేస్తోందని నాకు ఆ రోజు వరకు తెలియకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

మాది 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరేనాటికే ఉన్న ఇల్లు. పాత గోడలన్నీ సున్నంతో, అడుగున్నర మందాన కట్టినవి. పెరటి వైపు స్నానాల గదినీ, దానికి ఆనుకొని మరుగుదొడ్డినీ తరువాతి కాలంలో చేర్చారు. స్నానానికి కూర్చుంటే ఎడమచేతి వైపు ఉండేది పాత సున్నపు గోడ. రెండు గదుల నడుమ ఉన్నది పన్నెండేళ్ల కిందట ఫ్లైయాష్ ఇటుకతో కట్టించిన నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. రెండు గదుల్లోనూ ఛాతీ ఎత్తు వరకు టైల్స్ ఉన్నాయి. మరుగుదొడ్డిలో ఉన్నది నేల బేసినే.

ఊళ్లోని శానిటరీ దుకాణంలో గ్రాబ్ బార్ కావాలని అడిగితే తువ్వాళ్లు ఆరవేసుకునే రాడ్డు చూపించి, రెండూ ఒకటే అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే, గోడకు రంధ్రం చేయనవసరం లేకుండా రబ్బరు కప్పులతో అతుక్కునేవి కనిపిస్తున్నాయి. ఏ కంపెనీది కొనాలి, ఎంత పొడవు కొనాలి, ఎన్ని కొనాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

గోపాలపురం గాలి, బరంపురం

మహేంద్రతనయ గారూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. ముందుగా రబ్బరు కప్పుల సంగతి చెబుతాను. దయచేసి వాటిని కొనకండి. మా పెద్దనాన్నగారి ఇంట్లో అలాంటిదే పెట్టారు. పెట్టిన రోజు ఇద్దరం పట్టి లాగినా కదలలేదు. ఆ నమ్మకంతోనే పదిహేను రోజులు గడిచాయి. కప్పు కింద గాలి మెల్లగా చేరుతూ ఉంటుంది, పైకి ఏ గుర్తూ కనబడదు. ఒకనాడు పెద్దనాన్నగారు చేయి వేయగానే అది ఊడి, ఆయనతో పాటు కింద పడింది. టైల్స్ నడుమ అతుకు గీత మీదకు కప్పు అంచు వస్తే పట్టు ఇంకా తొందరగా పోతుంది.

తువ్వాలు రాడ్డు కూడా అంతే. అది తడిబట్టల బరువుకు చేసినది, మనిషి బరువుకు కాదు.

రెండో సంగతి లోహం. సముద్రపు గాలి తగిలే మా వైపు ఇనుము, నికెల్ పూత వేసిన కడ్డీలు రెండు వర్షాకాలాలకే పొక్కులు లేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకం అడగండి. అందులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవకగా దొరికే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి గాని తడిలో 202 తొందరగా తుప్పు మచ్చలు పడుతుంది. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపించి నమ్మించబోతారు. ఈ రెండు రకాలకూ అయస్కాంతం సాధారణంగా అంటుకోదు కనుక ఆ పరీక్షతో తేడా తేలదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే ఉన్నంతలో మంచి మార్గం. మాలాగా ఒడ్డుకు దగ్గరగా ఉండేవారికి మాలిబ్డినం కలిసిన 316 రకం మరీ మంచిది, పర్లాకిమిడికి 304 చాలు. పెట్టెలో కడ్డీతో పాటు ఇచ్చే మరలు మాత్రం చాలాసార్లు ఇనుపవే ఉంటాయి. వాటిని పక్కన పడేసి స్టీలు మరలు విడిగా కొనండి. మా ఇంట్లో తుప్పు మొదలైంది మర తల దగ్గరే.

బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగు పొడి కడ్డీ మీద పడనివ్వకండి. 304 అయినా వాటికి తట్టుకోదు.

నాగావళి, రాయగడ

నేను ఇరవై రెండేళ్లుగా ఇళ్ల నిర్మాణ పనులు చేయిస్తున్నాను. ఇలాంటి కడ్డీలు నలభై యాభై బిగించి ఉంటాం, ఇతరులు బిగించినవి ఊడిపోతే సరిచేసినవీ ఉన్నాయి. ఏ కంపెనీ అని మీరు మొదట అడిగారు. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. కడ్డీ విరిగిన సందర్భం నేను ఒక్కటీ చూడలేదు. ఊడినవన్నీ గోడలోంచి ఊడినవే.

ఎందుకు ఊడతాయో లెక్క వేసి చూడండి. టైలు మందం 8 మిల్లీమీటర్లు. దాని వెనక సిమెంటు పొర పది, పన్నెండు. ఆ వెనక ప్లాస్టరింగు మరో పన్నెండు, పదిహేను. అంటే ఇటుక తగలడానికి ముందే 30 నుంచి 35 మిల్లీమీటర్లు దాటాలి. పెట్టెలో వచ్చే మర పొడవు సాధారణంగా 40 మిల్లీమీటర్ల లోపే. అది ఇటుకను ముట్టుకోదు, ప్లాస్టరింగులో వేలాడుతూ ఉంటుంది. తువ్వాలుకు అది చాలు, మనిషి జారినప్పుడు చాలదు. పైగా జారిన మనిషి కడ్డీని మెల్లగా పట్టుకోడు, ఒక్కసారిగా వేలాడతాడు. ఆ కుదుపు శరీరం బరువు కంటే ఎక్కువగా పడుతుంది. అమెరికా ప్రమాణాల్లో ఇటువంటి కడ్డీ 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కిలోల బరువుకు నిలవాలని ఉంది. మనమూ ఆ మాత్రం లెక్కలో పెట్టుకుంటే మంచిది.

కనుక మర పొడవు 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దానికి తగిన పొడవున్న నైలాన్ ప్లగ్గు, మా వైపు గిట్టీ అంటారు, ఇటుకలోకి దిగాలి. కడ్డీ రెండు చివర్లా ఉండే బిళ్లల్లోని రంధ్రాలు 5 లేదా 6 మిల్లీమీటర్ల మరకు సరిపోతాయి, దానికి 8 మిల్లీమీటర్ల ప్లగ్గు వేయాలి. ఒక్కో బిళ్లకు మూడు మరలు పట్టేదే కొనండి, రెండే ఉన్నది వద్దు.

డ్రిల్లు చేసేటప్పుడు టైలు మీద కాగితపు టేపు అంటించి, టైలు దాటేవరకు డ్రిల్లులోని హ్యామర్ (గుద్దే అమరిక) ఆపి, నెమ్మదిగా టైలు బిట్టుతో తొలచాలి. టైలు దాటాక బిట్టు మార్చాలి. అప్పుడు బయటికి వచ్చే పొడిని గమనించండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక, తెల్లగా మెత్తగా వస్తే సున్నం. ఫ్లైయాష్ ఇటుకకూ సిమెంటు అతుకుకూ రెండింటికీ బూడిద రంగే వస్తుంది కాబట్టి అక్కడ చేతికి తెలిసే గట్టితనమే ఆధారం. అతుకులో పడితే రంధ్రం కొద్దిగా పక్కకు జరపాలి. రంధ్రంలోని పొడిని పూర్తిగా ఊది తీయకుండా ప్లగ్గు దింపితే అది పొడిలోనే తిరుగుతుంది. నేను చూసిన తప్పుల్లో సగం ఇదే.

డ్రిల్లు పెట్టే ముందు టైలును వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట వెనక సిమెంటు లేదు, బిళ్ల బిగించగానే టైలు పగులుతుంది. కుళాయి, గీజరు ఉన్న గోడలో పైపులు చాలావరకు నిలువుగా పైకో కిందికో వెళ్తాయి కాబట్టి వాటికి నేరుగా పైనా కిందా తొలవవద్దు. గీజరు తీగ ఉంటే ఆ లైను ఆపించి, డ్రిల్లుకు వేరే గదిలోని వేరే లైను నుంచి కరెంటు తీసుకోండి.

మీ రెండు గోడలకూ ఇలా మామూలుగా ప్లగ్గు వేయడం చాలదనిపిస్తోంది. ఏ గోడకు ఏ కడ్డీ వస్తుందో తేలాక దాని సంగతి రాస్తాను.

కొలాబు, జయపురం

నేను ఫిజియోథెరపిస్టును. నాగావళి గారు గోడ గురించి చెప్పినదాన్ని మనిషి వైపు నుంచి కొంత పొడిగిస్తాను.

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది 60 ఏళ్లు దాటినవారే. నా దగ్గరకు తుంటి ఎముక విరిగి వచ్చే పెద్దవారిని ఎక్కడ పడ్డారని అడిగితే, స్నానాల గది లేదా దాని గడప అనే జవాబు తరచుగా వింటాను. అలాంటి ఇళ్లకు వెళ్లి చూస్తే కొన్నిట కడ్డీ ఉంటుంది, కాని చేయి వెళ్లే చోట ఉండదు. మేస్త్రికి డ్రిల్లు పట్టడానికి వీలైన చోట ఉంటుంది.

అందుకని మీరు ముందు ఒక పని చేయండి. గది పొడిగా ఉన్నప్పుడు, అమ్మగారు చీర కట్టుకుని ఉండగానే, ఆమె అరచేతికి ముగ్గుపిండి అద్దండి. రోజూ స్నానానికి వెళ్లినట్టే గడప దాటి లోపలికి వెళ్లి, కూర్చుని, లేచి, బయటికి రమ్మనండి. మరుగుదొడ్డిలో కూడా అలాగే చేయించండి. మీరు పక్కనే నిలబడండి, కాని ఎక్కడ పట్టుకోవాలో చెప్పకండి. గోడ మీద, తలుపు మీద పడిన తెల్లని గుర్తులే కడ్డీలు ఉండవలసిన చోట్లు. పుస్తకాల్లో ఉండే ఎత్తులు సగటు మనిషికి రాసినవి, మన ఇళ్లలో అమ్మమ్మలు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు ఉంటారు.

కడ్డీ దిశ కూడా ముఖ్యమే. గడప దాటేటప్పుడు నిలువు కడ్డీ బాగా పనికివస్తుంది. కూర్చుని లేచేటప్పుడు కిందికి నొక్కి లేవడానికి అడ్డ కడ్డీ మంచిది. అమ్మగారి కుడి మణికట్టు ఇంకా బలహీనంగా ఉంటుంది కనుక దేన్నైనా పట్టి లాగి లేవడం ఆమెకు కష్టం. ఎడమ ముంజేతిని అడ్డ కడ్డీ మీద ఆనించి నొక్కి లేవడం సులభం. ఏటవాలుగా పెట్టిన కడ్డీని నేను స్నానాల గదిలో ఇష్టపడను. నూనె తలంటు నాడు, కుంకుడు నురగ ఉన్న చేయి దాని మీద కిందికి జారుతుంది. అదే కారణంతో అద్దంలా మెరిసే కడ్డీ కంటే గరుకుగా, మ్యాట్‌గా ఉన్నది తీసుకోండి.

కడ్డీ మందం 32 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ముసలి చేతికి సరిగ్గా పట్టు దొరుకుతుంది. గోడకూ కడ్డీకీ నడుమ ఖాళీ ఒకటిన్నర అంగుళం ఉండాలి. చేయి జారినప్పుడు ముంజేయి ఆ సందులో దూరి ఇరుక్కుంటే ఎముక విరుగుతుంది కాబట్టి అంతకంటే ఎక్కువ ఉండనివ్వరు. తక్కువైతే వేళ్లు చుట్టి పట్టుకోవడానికి చోటు చాలదు.

ఇంకొక మాట. ఆరంగుళాల పీట మీద నుంచి 78 ఏళ్ల మనిషి లేవడమే అసలు కష్టం. కడ్డీ కంటే ముందు పీటను తీసేసి, రబ్బరు అడుగులున్న 17, 18 అంగుళాల ఎత్తు స్టూలు పెట్టండి.

ప్రాణహిత, సిరొంచ

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. అప్పటి నుంచి ఆయన పనులన్నీ నేనే చూసుకుంటున్నాను. ఈ చర్చలో ఎవరూ అనని ఒక సంగతి ఉంది, అది మేము చాలా కష్టపడి నేర్చుకున్నది.

మంచిర్యాల నుంచి మంచి కడ్డీ తెప్పించి, సుతారిని పిలిచి, బాత్రూం తలుపు దగ్గర మామయ్యగారి కుడిచేతి వైపు గట్టిగా బిగించాం. లోపలికి వెళ్లేటప్పుడు చక్కగా పట్టుకుని వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కడ్డీ ఆయన ఎడమ వైపుకు వచ్చింది, ఆ చేయి పనిచేయదు. ఆయన దాన్ని కుడిచేత్తో అందుకోవాలని గడప మీద నడుము తిప్పారు. నేను వెనకే ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను. ఒక వైపు పక్షవాతం ఉన్నవారికి గడప దగ్గర రెండు వైపులా కడ్డీలు కావాలి, ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి. ఇంత చిన్న విషయం మా ఇంట్లో ఆరుగురిలో ఒక్కరికీ ముందుగా తోచలేదు.

కమోడ్ పక్కన మాత్రం ఒకటే చాలు, అది పనిచేసే చేతి వైపు ఉండాలి. మాకు ఆ వైపు గోడ దూరంగా ఉండడం వల్ల వెనక గోడకు బిగించి పైకి మడిచే రకం తెచ్చాం. సీటు పైనుంచి దాదాపు తొమ్మిది అంగుళాల ఎత్తులో పెట్టాం, ఆయనకు సరిపోయింది.

బల్లార్షా క్వార్టరు, బల్లార్‌పూర్

మేము ఉండేది కంపెనీ క్వార్టరు. గోడకు మేకు కొట్టినా ఖాళీ చేసేటప్పుడు లెక్క చెప్పాలి. మా అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. మాలాంటివారికి మార్గం ఉందా?

కొలాబు, జయపురం

ఉందండీ, కాని అది గోడకు బిగించిన దానితో సమానం కాదని మనసులో పెట్టుకోండి. కమోడ్ సీటు మరలకే బిగిసే, రెండు వైపులా చేతులున్న స్టీలు ఫ్రేము దొరుకుతుంది. కూర్చుని లేవడానికి అది బాగానే పనిచేస్తుంది. స్నానానికి చేతులూ, వెనక ఆనుకునే పట్టీ ఉన్న స్నానపు కుర్చీ తీసుకోండి. నేలకూ పైకప్పుకూ నడుమ బిగబట్టి నిలిపే స్తంభాలు కూడా ఉన్నాయి, అయితే పైన కాంక్రీటు శ్లాబు ఉంటేనే వాటిని వాడాలి, రేకుల కప్పు కింద వాటిని నమ్మకూడదు. మామూలు ప్లాస్టిక్ కుర్చీని మాత్రం బాత్రూంలో వేయకండి. తడి టైలు మీద దాని కాళ్లు విచ్చుకుంటాయి.

అయినా ఒకసారి క్వార్టర్ల ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి చూడండి. పెద్దవారి భద్రత కోసమని రాస్తే ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు.

వంశధార, గుణుపురం

మా నాన్నగారిదీ నేల బేసినే. కమోడ్ పెట్టిస్తామంటే ససేమిరా ఒప్పుకోవడం లేదు. అలాంటప్పుడు కడ్డీ పక్క గోడకు పెట్టాలా, ఎదురు గోడకా?

కొలాబు, జయపురం

గొంతుక్కూర్చున్న మనిషి లేవాలంటే బరువు ముందుకు, పాదాల మీదకు రావాలి. పక్క గోడ కడ్డీ పట్టుకుంటే ఒళ్లు తిరుగుతుంది, మోకాలి మీద మెలి పడుతుంది. ఎదురు గోడ చేయి చాచితే అందేంత దగ్గరలో ఉంటే అక్కడ నిలువు కడ్డీ పెట్టించండి. కూర్చున్నప్పుడు చేయి అందే ఎత్తు నుంచి మొదలై, నిలబడ్డాక నడుము పైవరకు వస్తే, చేతులు మార్చి మార్చి పైకి పట్టుకుంటూ లేవవచ్చు. ఎదురు గోడ దూరమైతే పక్క గోడకే, కాని పాదాల కంటే ముందుకు జరిపి పెట్టాలి. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవారు మాత్రం డాక్టరు చెప్పేదాకా నేల బేసిన్ వాడకూడదు, కడ్డీ ఉన్నా సరే.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ముగ్గుపిండి పరీక్ష నిన్న చేశాం. అమ్మ మొదట ఒప్పుకోలేదు. నేనేమైనా రోగినా, ఆసుపత్రి గదిలాగా ఇల్లంతా కడ్డీలు కొట్టిస్తావా అని కోప్పడింది. మా చిన్నమ్మాయి తన చేతికీ పిండి రాసుకుని, నేనూ వస్తాను నాయనమ్మా అనేసరికి మెత్తబడింది.

గుర్తులు చూశాక నేను అనుకున్నదంతా తప్పని తేలింది. కుళాయి గోడకు పెద్ద కడ్డీ పెట్టాలని అనుకున్నాను. ఎత్తైన స్టూలు వేశాక ఆమె ఆ వైపు చేయి చాపనేలేదు. ఎడమ వైపు సున్నపు గోడ మీద, నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో, ఒకే చోట నాలుగు గుర్తులు పడ్డాయి. మరుగుదొడ్డిలో కూర్చుంటే ఎదురుగా వచ్చేది అడ్డుగోడే. దాని మీద 18 అంగుళాల ఎత్తు నుంచి 40 అంగుళాల దాకా మెట్లు ఎక్కినట్టు వరుసగా గుర్తులున్నాయి. నేను అసలు ఊహించని గుర్తు స్నానాల గది తలుపు రెక్క మీద ఉంది. గడప దిగేటప్పుడు ఆమె పట్టుకునేది తలుపునే. అది కదిలే తలుపు.

టైల్స్ తట్టి చూస్తే సున్నపు గోడ మీద రెండు చోట్ల డొల్లగా మోగింది. నాగావళి గారూ, ఇప్పుడు ఈ రెండు గోడల సంగతి చెప్పగలరా?

గోపాలపురం గాలి, బరంపురం

లోహపు యాంకర్ ఫాస్టెనర్లు వేస్తే సరిపోదా? మా ఇంట్లో వాటితోనే బిగించాం, గట్టిగానే ఉన్నాయి.

నాగావళి, రాయగడ

గోపాలపురం గాలి గారూ, మీది కాంక్రీటు స్తంభమో తొమ్మిది అంగుళాల గోడో అయి ఉండాలి. యాంకర్ ఫాస్టెనర్ లోపల విచ్చుకుని చుట్టూ ఉన్నదాన్ని బలంగా నెడుతుంది. కాంక్రీటు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక పగులుతుంది, సున్నపు గోడ పొడి అవుతుంది. ఈ రెండు గోడలకూ అది వద్దు.

అడ్డుగోడకు ఆరపార బోల్టు వేయండి. రెండు వైపులా ప్లాస్టరింగు, టైల్స్ కలుపుకుంటే గోడ దాదాపు 180 మిల్లీమీటర్లు వస్తుంది, కొలిచి చూసుకోండి. 6 మిల్లీమీటర్ల స్టీలు మరకడ్డీని, అంటే పొడవునా మర ఉన్న కడ్డీని, కొంచెం ఎక్కువ పొడవుతో కోయించి, మరుగుదొడ్డి వైపు కడ్డీ బిళ్లకూ, స్నానాల గది వైపు నాలుగంగుళాల చదరపు స్టీలు పలకకూ కలిపి నట్లు బిగించాలి. బరువంతా గోడ అవతలి పలక మీద పరుచుకుంటుంది, కాబట్టి ఇటుక ఎలాంటిదైనా భయం లేదు. అవతలి వైపు బోల్టు కొనలు ఒంటికి గీసుకోకుండా గుండ్రని టోపీ నట్లు వేయించండి. రంధ్రాల చుట్టూ రెండు వైపులా సిలికాన్ పెట్టకపోతే స్నానపు నీరు గోడలోకి దిగుతుంది.

సున్నపు గోడకు ప్లగ్గు నిలవదు. కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి మరను నిలిపే పద్ధతి, వేయవచ్చు, కాని పాత సున్నం లోపల ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ పొడిగా ఉందో బయటి నుంచి తెలియదు. నేనైతే బిళ్ల వచ్చే ప్రతి చోటా తొమ్మిది అంగుళాల చదరంలో, ఆరు అంగుళాల లోతున ఇటుకలు తీయించి, ఆ గూటిని బాగా తడిపి, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు నింపిస్తాను. గూడు ముందు కంటే లోపల కొంచెం వెడల్పుగా ఉంటే దిమ్మె బయటికి రాదు. పది రోజులు తడుపుతూ ఉండాలి. ఆ తరువాత టైలు వేసి డ్రిల్లు చేస్తే అది కాంక్రీటులో బిగించినట్టే. డొల్ల టైల్స్ ఎలాగూ తీయాలి కనుక మీకు అదనపు పగులగొట్టుడు కూడా పెద్దగా ఉండదు. తొందరపడి మూడో రోజే డ్రిల్లు పెట్టించకండి. మేస్త్రులు ఒక్క రాకలో ముగించేద్దామంటారు, ఆ ఒక్క విషయంలో వారి మాట వినవద్దు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. పని పూర్తయింది, జరిగినది జరిగినట్టు చెబుతాను.

ఊళ్లో 304 రకం గరుకు కడ్డీలు దొరకలేదు. విజయనగరం వెళ్లిన మా బావగారితో మూడు తెప్పించాను. సున్నపు గోడకు 18 అంగుళాల అడ్డ కడ్డీ, అడ్డుగోడకు 24 అంగుళాల నిలువు కడ్డీ, గడప పక్కన ఒక అడుగు నిలువు కడ్డీ. గడప గోడ తొమ్మిది అంగుళాల మట్టి ఇటుకది కావడం వల్ల అక్కడ పొడవు మరలు, ప్లగ్గులు సరిపోయాయి, పొడి ఎర్రగానే వచ్చింది. పెట్టెలో ఇచ్చిన మరల్లో ఒకదాన్ని తీసి కొలిచాను. సరిగ్గా 38 మిల్లీమీటర్లు ఉంది.

గూళ్లు తవ్వినప్పుడు లోపలి సున్నం వేలితో గీకితే రాలింది. అక్కడ ప్లగ్గులతో బిగించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయం వేసింది. మా మేస్త్రి అయిదో రోజే డ్రిల్లు తెచ్చాడు. పదో రోజు దాటాక రమ్మని టీ ఇచ్చి పంపాం.

ఒక పొరపాటు మాత్రం జరిగింది. అడ్డుగోడ మీద పై బిళ్లకు ఆరపార చేసిన రంధ్రాల్లో ఒకటి వంకరగా వెళ్లి, అవతలి పలక రంధ్రానికి కలవలేదు. మేస్త్రి రెండు బోల్టులు చాలునన్నాడు. నేను ఒప్పుకోక పలకనే మళ్లీ తొలిపించాను. అన్నీ బిగించాక సిలికాన్ ఆరడానికి ఒక రోజు ఆగి, మా బావగారూ నేనూ ఒకరి తరువాత ఒకరం ఒక్కో కడ్డీ పట్టుకుని కిందికీ, ఇవతలికీ పూర్తి బరువుతో వేలాడాం. బావగారి బరువు 92 కిలోలు. నిలువు కడ్డీ కింది బిళ్ల దగ్గర సన్నని కిర్రుమనే శబ్దం వచ్చింది, నట్లు మరో అర చుట్టు తిప్పాక ఆగిపోయింది. ఆ తరువాతే అమ్మను లోపలికి పంపాం.

అమ్మకు ఎడమ కంటిలో శుక్లం ఉంది. తెల్ల టైల్స్ మీద స్టీలు కడ్డీ ఆమెకు కనబడడం లేదని మొదటి రోజే అర్థమైంది. చేయి దాని పక్క నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు మూడు కడ్డీలకూ ఎర్ర టేపు చుట్లు చుట్టాం, చేయి సరిగ్గా వాటి మీదకే వెళ్తోంది. కుళాయి వైపు చేయి చాపే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అందుకని కుళాయిని కొంచెం పక్కకు జరిపించి, దానికి ఒక రబ్బరు గొట్టం తగిలించాం, స్టూలు దగ్గరికే నీళ్లు వస్తాయి.

కొలాబు, జయపురం

టేపు ఆలోచన చాలా బాగుంది. టేపు అంచులు లేచి చేతికి తగలకుండా అప్పుడప్పుడు మార్చండి. గడప దగ్గర రాత్రిపూట వెలిగే చిన్న దీపం కూడా పెట్టించండి. తలుపు గడియ బయటి నుంచి తీయడానికి వీలుందా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

నిన్నటి వరకు లేదు. మీరు అడిగాక ఇవాళ లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పగలిగే రకం పెట్టించాను. తలుపు కూడా బయటికి తెరుచుకునేలా మార్పించాలని ఉంది. లోపల పడితే మనిషే తలుపుకు అడ్డం అవుతారు కదా.

వంశధార, గుణుపురం

మా నాన్నగారికి కూడా ఎదురు గోడకు ఆరపార బోల్టులే వేయిద్దామనుకుంటున్నాను. మీరు వాడిన మరకడ్డీ పొడవు, పలక మందం చెప్పగలరా? నట్లు మళ్లీ మళ్లీ బిగించవలసి వస్తుందా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మా గోడ మొత్తం మందం 172 మిల్లీమీటర్లు వచ్చింది. మరకడ్డీని 200 కోయించి, బిగించాక మిగిలినది ఆకురాయితో తీయించాం. పలక 3 మిల్లీమీటర్ల మందం. మీ గోడను తలుపు సందు దగ్గర కొలిస్తే మందం సరిగ్గా తెలుస్తుంది, ఊహించి కోయించకండి. నట్ల విషయానికి వస్తే, మొదటి వారంలో ఒకసారి పావు చుట్టు తిరిగింది, ఆ తరువాత కదలలేదు. అయినా ప్రతి అమావాస్య నాడు నట్లకు పానా పెట్టి చూడాలని క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. అమ్మ ఆ రోజు స్నానానికి వెళ్లే ముందు చూశావా అని తనే అడుగుతోంది.